పిల్లలకు కరపత్రం రాయడం నేర్పాం, చదవడం కూడా నేర్పుదాం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎస్‌సీఈఆర్‌టీ సంచాలకులకు, తెలుగు వాచకాల రచయితలకు, సంపాదకులకు, పదో తరగతి ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు,

నమస్కారం.

పదో తరగతి తెలుగు పరీక్షలో కరపత్రం రాయమని అడగడం మనకు అలవాటే. ప్లాస్టిక్ వల్ల నష్టాల గురించి కరపత్రం తయారుచేయమంటే మా పిల్లలు కళ్లు మూసుకుని రాసేస్తారు. పైన శీర్షిక, 'సోదర సోదరీమణులారా' అని సంబోధన, నాలుగు పాయింట్లు, చివర ఒక నినాదం, కింద 'ఇట్లు, పర్యావరణ పరిరక్షణ సమితి'. గైడులో నమూనా అదే, మార్కులూ పడతాయి. అదే పిల్లవాడు సాయంత్రం బడి గేటు దగ్గర ఎవరో చేతిలో పెట్టిన కరపత్రం చూసి, ఇందులో ఏది నిజం, ఏది కాదు, ఏది చెప్పకుండా దాచారు అని ఆలోచించడం మాత్రం మనం ఏ తరగతిలోనూ నేర్పడం లేదు.

అపరిచిత గద్యం సంగతీ అంతే. పేరా చదివి కింది ప్రశ్నలకు జవాబులు రాయమంటాం. ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి ఆ వాక్యాన్ని ఎత్తి రాస్తే చాలు. పేరా ఏం చెప్పినా నిజమనే లెక్క. దాన్ని ఎవరు రాశారో, ఎవరి కోసం రాశారో పిల్లలు అడగరు, మనం చెప్పం. అచ్చులో ఉన్నది నమ్మాలి, అందులోంచే జవాబు తీయాలి అనే అలవాటునే ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా గట్టిపరుస్తున్నాం. విన్నదాన్ని వెంటనే నమ్మకుండా నిజానిజాలు తేల్చుకోమని చెప్పే శతక పద్యానికి ప్రతిపదార్థం, భావం రాయిస్తాం. పద్యం చెప్పిన పని మాత్రం చేయించం.

నేను అడిగేది చిన్న విషయం. పరీక్షలో ఇచ్చే అపరిచిత గద్యాల్లో ఒకటి బయట దొరికే కాగితం కావాలి. ఒక ప్రకటన, ఒక బ్రోచర్, ఒక డబ్బా మీది రాత, ఒక వాట్సాప్ ఫార్వర్డ్, ఏదైనా సరే. దాని కింద, జవాబు అందులో దొరకని ప్రశ్న ఒకటైనా ఉండాలి.

ఎలా ఉంటుందో చెబుతాను. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో ఏ తెలుగు పేపరు తీసినా మొదటి పేజీ నిండా ర్యాంకులే. 1, 1, 1, 2, 3, 3, 5, 7, 8 అంటూ ఒక్కో అంకె అరచేయంత. చుట్టూ పాస్‌పోర్టు ఫోటోలు. టీవీలో ఆ అంకెల్ని ఒకే ఊపిరిలో చదివే గొంతును మనం నిద్రలో కూడా గుర్తుపడతాం. అలాంటి ప్రకటన ఒకటి, కాలేజీ పేరు కత్తిరించేసి, తొమ్మిదో తరగతి పిల్లల ముందు పెట్టాను. కాసేపు అందరూ ఫోటోలే చూశారు. తర్వాత వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచింది. "టీచర్, ఒకటో ర్యాంకు ఒక్కరికే కదా వచ్చేది! ఇక్కడ మూడుసార్లుందేంటి?"

ఆ ఒక్క ప్రశ్నతో పీరియడ్ అయిపోయింది. మూడుసార్లు ఉన్నంత మాత్రాన అబద్ధం అనడానికి లేదు. ఏపీ ఈఏపీసెట్‌లో ఇంజినీరింగ్‌కు ఒక ఒకటో ర్యాంకు, అగ్రికల్చర్-ఫార్మసీకి ఇంకొకటి. టీజీ ఈఏపీసెట్‌లో మళ్లీ రెండు. అంటే ఏటా నాలుగు నిఖార్సయిన ఒకటో ర్యాంకులు ఉంటాయి. జేఈఈలో ఓపెన్ ర్యాంకు వేరు, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగుల కేటగిరీ ర్యాంకులు వేరు. ఇవన్నీ కలిపి ఒకే వరసలో, ఒకే సైజులో, ఏది దేనిదో చెప్పకుండా పేరిస్తే, చదివే తండ్రికి అవన్నీ ఒకే పరీక్షలో వచ్చినట్టు కనిపిస్తాయి. విడివిడిగా ప్రతి అంకె నిజమే. పేజీ మొత్తం మీద కలిగే అభిప్రాయం మాత్రం నిజం కాదు. పిల్లలకు మొదట అర్థం కావాల్సింది ఇదే. తప్పుదోవ పట్టించడానికి అబద్ధం ఆడక్కర్లేదు.

పర్సంటైల్ ఇంకో మాయ. 99 పర్సంటైల్ అనగానే నూటికి తొంభై తొమ్మిది మార్కులు అనుకునే తల్లిదండ్రులు మా ఊళ్లోనే చాలామంది ఉన్నారు. జేఈఈ మెయిన్ జనవరి సెషన్ 12 లక్షల మందికి పైగా రాస్తున్నారు. అందులో 99 పర్సంటైల్ అంటే దాదాపు 12 వేల మంది ఆ విద్యార్థి కంటే ముందున్నారని. అది తక్కువ ఘనత కాదు, కానీ ప్రకటన చూస్తే కలిగే ఊహ వేరు. ఒక్క ఫిజిక్స్‌లోనో కెమిస్ట్రీలోనో 100 పర్సంటైల్ వస్తే 'ఫిజిక్స్‌లో' అనే మాట చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

ఆఖరుగా పిల్లల్ని ఆ పేజీలో లేని అంకె ఏదో కనిపెట్టమన్నాను. ఇది చాలా కష్టపెట్టింది. ఉన్నదాన్ని వెతకడం వాళ్లకు బాగా వచ్చు, లేనిదాన్ని వెతకమని ఎవరూ ఎప్పుడూ అడగలేదు మరి. చివరికి ఒకడు పట్టుకున్నాడు. ఆ కాలేజీ నుంచి మొత్తం ఎంతమంది పరీక్ష రాశారన్నది ఎక్కడా లేదు. వెయ్యి లోపు ర్యాంకులు వంద వచ్చాయంటారు. రెండు వేల మంది రాస్తే అదొక లెక్క, రెండు లక్షల మంది రాస్తే మరో లెక్క. మా లెక్కల మాస్టారు కిటికీలోంచి చూసి "ఇది మా సబ్జెక్టు కదమ్మా, మీరు లాగేసుకున్నారేంటి" అని నవ్వారు. లాగేసుకోవాలనే నా ఉద్దేశం. ఆ అంకెల్ని వాక్యాల్లో పెట్టి అమ్ముతున్నారు కాబట్టి అది తెలుగు టీచరు పని కూడా.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద 2020లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. 2024 నవంబరులో కోచింగ్ సంస్థల ప్రకటనలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చారు. ర్యాంకు వేసుకుంటే ఆ విద్యార్థి ఏ కోర్సు తీసుకున్నాడు, ఎంతకాలం చదివాడు, డబ్బు కట్టి చదివాడా లేదా అన్నవి చెప్పాలి. విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఫోటో వాడకూడదు. ముఖ్యమైన వివరాలు, షరతులు అసలు మాట ఏ సైజులో ఉందో అదే సైజులో ఉండాలి. ఈ నియమాలు ఎందుకు వచ్చాయంటే, సివిల్స్ టాపర్లను తమవాళ్లుగా చెప్పుకున్న సంస్థల మీద విచారిస్తే, చాలామంది అక్కడ తీసుకున్నది ఉచిత మాక్ ఇంటర్వ్యూ శిక్షణ మాత్రమేనని తేలింది. ప్రకటన చదివినవాళ్లేమో రెండేళ్ల కోర్సుకు ఫీజు కట్టారు.

ర్యాంకుల దగ్గర పోయేది డబ్బు, పిల్లల నిద్ర. ఇంకో రాత దగ్గర ప్రాణం మీదికే వస్తుంది. అది కొంచెం వివరంగా చెప్పాలి.

విరేచనాలతో నీరసించిన బిడ్డకు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ కావాలని మందుల షాపులో అడిగితే, పొడి ప్యాకెట్‌కు బదులు పళ్లరసం లాంటి డబ్బా చేతికివ్వడం మన దగ్గర చాలా ఏళ్లు నడిచింది. డబ్బా మీద ఓఆర్‌ఎస్ అనే మూడక్షరాలు పెద్దగా ఉండేవి, వాటికి ముందో వెనకో ఇంకో అక్షరం తగిలించి ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ లెక్క వేరే. లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9, అంతా కలిపి 20.5 గ్రాములు. అసలు పొడి ప్యాకెట్ వెనక ఈ అంకెలే ఉంటాయి. ఆ లెక్కన 200 మిల్లీలీటర్లకు గ్లూకోజు 2.7 గ్రాములు మించదు. డబ్బా పానీయాల్లో దానికి చాలా రెట్లు చక్కెర. ఎక్కువ చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. అంటే ఏ జబ్బు తగ్గాలని కొన్నారో అదే ముదురుతుంది.

దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దంది. అదే ఏడాది జులైలో మెత్తబడి, ట్రేడ్‌మార్కులో భాగంగా వాడుకోవచ్చు, కాకపోతే 'ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదు' అని రాయాలంది. చివరికి 2025 అక్టోబరులో ఆ సడలింపు కూడా తీసేసి, ఆ మూడక్షరాలు అలాంటి పానీయాల మీద అసలు ఉండకూడదని తేల్చింది.

మీరు పాఠ్యపుస్తకాల వాళ్లు కాబట్టి నడుమ ఉన్న ఆ మూడేళ్ల మీద మీ దృష్టి నిలపమంటున్నాను. డబ్బాకు ముందువైపు పెద్దక్షరాల్లో ఒక మాట, అదే డబ్బా మీద చిన్నక్షరాల్లో, ఇంగ్లిష్‌లో, సరిగ్గా దానికి ఎదురుమాట. రెండూ నిబంధనల ప్రకారమే. ఈ రెండో మాట వెతికి చదవగలిగిన తల్లి ఆ డబ్బా వెనక్కి ఇచ్చేసి పొడి ప్యాకెట్ అడిగి తెచ్చుకుంది. మిగతావాళ్లకు డాక్టరమ్మ పోరాటం ఫలించేదాకా దిక్కులేదు. డబ్బా ముందువైపు కంపెనీ చెప్పదలచుకున్నది ఉంటుందని, వెనకవైపు చట్టం బలవంతాన చెప్పించింది ఉంటుందని, కాబట్టి వెనకనుంచి చదవడం మొదలుపెట్టమని ఆరో తరగతి పిల్లలకు చెప్పడానికి పది నిమిషాలు చాలు. 'చక్కెర కలపలేదు' అన్న జ్యూసులో పండు చక్కెర ఎంతుందో, పోషకాల పట్టిక 100 గ్రాములకా మొత్తం ప్యాకెట్‌కా అన్నది చూడటం ఆ వెంటే వచ్చేస్తుంది.

గోడల మీది కరపత్రాల జోలికి ఎక్కువ పోను. షుగర్ శాశ్వతంగా మాయం చేస్తాం, ఎత్తు పెంచుతాం అనే ప్రకటనలు 1954 నాటి మందులు, మాయా చికిత్సల చట్టం ప్రకారం వేయడమే నేరం. ఆ రెండూ చట్టం షెడ్యూలులోనే ఉన్నాయి. మందు పనిచేస్తుందా లేదా అన్నదాకా పోనక్కర్లేదు, ఆ కాగితం అచ్చు వేయడమే తప్పని పిల్లలకు తెలిస్తే బోలెడు వాదన తప్పుతుంది. ప్లాట్ల బ్రోచర్లూ ఇంతే. రేరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు తీసుకోకుండా ప్రాజెక్టుకు ప్రకటన వేయకూడదని 2016 చట్టం చెబుతోంది. 500 చదరపు మీటర్లు దాటని లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని చిన్నవాటికి మినహాయింపు ఉందనుకోండి. మన దగ్గర 'ప్రీ లాంచ్ ఆఫర్' అని ధైర్యంగా వేస్తారు. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పకుండా నిమిషాల్లో చెబుతారు, ఆ నిమిషాలు ఏ అర్ధరాత్రి కారులో పోతే కొలిచారో దేవుడికే తెలియాలి.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ వేరేవాళ్ల వ్యాపారం గురించి కాబట్టి అనుమానించడం సులువు. మనకు నచ్చే మాటను అనుమానించడమే కష్టం. అందుకు తెలుగు టీచర్ల సొంత ఉదాహరణే ఇస్తాను, మీరేం అనుకోకండి. ఆగస్టు 29న గిడుగు వారి జయంతి సభల్లో 'ప్రపంచంలో రెండో ఉత్తమ లిపి మన తెలుగు' అనే మాట ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. చప్పట్లు కూడా ఆ మాటకే ఎక్కువ పడతాయి. ఈ మాట గాలిలోంచి పుట్టలేదు. 2012 అక్టోబరులో బ్యాంకాక్‌లో ప్రపంచ అక్షరాల ఒలింపిక్స్ అనే పేరుతో ఒక పోటీ జరిగింది, అందులో తెలుగు లిపి రెండోదని ప్రకటించారు. మొదటిది ఏదంటే కొరియా వాళ్ల హంగుల్. 2009లో జరిగిన మొదటి పోటీలోనూ హంగులే మొదటిది. పోటీని ముందుండి నడిపించింది ఎవరంటే కొరియా వాళ్లే. ఇంత తెలిశాక ఆ వెండి పతకాన్ని ఎంత గొప్పగా చెప్పుకోవాలో పిల్లలే తేల్చుకోగలరు. మన లిపి అందం దానివల్ల తగ్గదు, పెరగదు. 'జనగణమనను యునెస్కో ప్రపంచంలో ఉత్తమ జాతీయ గీతంగా ప్రకటించింది' అనేది దీనికంటే అన్యాయం. యునెస్కో అలాంటి ప్రకటన ఏదీ చేయలేదు, ఆ సంగతి వాళ్లే చెప్పారు. అయినా ప్రతి ఆగస్టు 15కి ఆ మెసేజ్ మా స్టాఫ్ గ్రూపులోకి క్రమం తప్పకుండా వస్తుంది. ఖండిస్తే దేశభక్తి తక్కువన్నట్టు చూస్తారు. పాఠంలో ఇలాంటిది ఒకటి తప్పకుండా పెట్టండి. కంపెనీల ప్రకటనల దగ్గరే ఆగిపోతే, మోసం చేసేవాళ్లు ఎప్పుడూ ఎదుటివాళ్లే అని పిల్లలు అనుకుంటారు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది, అది దాచను. ఇలాంటి పాఠం రెండు మూడుసార్లు చెప్పేసరికి క్లాసులో సగం మంది ఏ కాగితం ఇచ్చినా "అంతా అబద్ధమే టీచర్" అనడం మొదలుపెడతారు. దాంతో వాళ్లకు చదివే బాధ తప్పుతుంది. అన్నిటినీ నమ్మేవాడు, దేన్నీ నమ్మనివాడు ఇద్దరూ కాగితాన్ని తిరగేసి చూడరు. ఈ రెండో రకం పిల్లవాడే రేపు టీకా వద్దంటాడు. అందుకే పాఠంలో నిలబడే రాత ఒకటి, నిలబడని రాత ఒకటి పక్కపక్కన పెట్టాలి. ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్ మీద కూడా గొప్ప మాటలే ఉంటాయి, కానీ అవి పరీక్షకు నిలుస్తాయి. ఎందుకు నిలుస్తాయో చెప్పగలిగితేనే చదవడం వచ్చినట్టు.

ఇది మన రాష్ట్రాలకు కొత్తేమీ కాదు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకినప్పుడు, జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి జనానికి చెప్పించారు. మంచి పనే. కానీ నిప్పు అంటుకున్నాక చేసిన పని అది, పైగా పోలీసులు చేయాల్సి వచ్చింది. అదే ఏడాది కేరళలోని కన్నూరు జిల్లాలో కలెక్టరు చొరవతో దాదాపు 150 సర్కారు బడుల్లో తప్పుడు వార్తలను గుర్తించే పాఠాలు చెప్పారు. బీహార్‌లో ఊరి గ్రంథాలయాల్లో 8 నుంచి 12 తరగతుల పిల్లలు 13 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన జరిగింది. కొందరికి ఈ పాఠాలు, కొందరికి ఇంగ్లిష్ పాఠాలు చెప్పి పోల్చి చూశారు. పాఠాలు విన్న పిల్లలు నిజాన్ని, అబద్ధాన్ని విడదీయడంలో మెరుగయ్యారు. నెలలు గడిచినా అది పోలేదు. ఇంట్లో అమ్మానాన్నల్లో కూడా కొంత మార్పు కనిపించింది. మనకంటే వసతులు ఎక్కువున్న చోటేం కాదు అది.

ఇక మీరు చెప్పబోయే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది వాల్యుయేషన్. జవాబు పేరాలో లేకపోతే కీ ఎలా తయారుచేస్తారు, స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకరు రెండు మార్కులు, ఇంకొకరు సున్నా వేస్తే ఎవరిది బాధ్యత? కవిత రాయమని, కథ పొడిగించమని మనం ఇప్పటికే అడుగుతున్నాం, వాటికి సూచికలు పెట్టుకుని మార్కులు వేస్తున్నాం. ఇదీ అలాగే. ఉదాహరణకు ఒక ప్లాట్ల ప్రకటన ఇస్తారు. 'హైవేకు 5 నిమిషాలు. మూడేళ్లలో రెట్టింపు. 80 శాతం అమ్మకాలు పూర్తి.' ఇందులో మనం వెళ్లి సరిచూసుకోగల మాట ఏది, ఎక్కడ సరిచూడాలి, ఎవరూ ముందుగా చెప్పలేని మాట ఏది, కొనేవాడికి కావలసినా ఇందులో లేని వివరం ఏది అని అడగండి. మూడేళ్లలో రెట్టింపు అంటే ఏడాదికి దాదాపు 26 శాతం చొప్పున పెరగాలి. అది రాసిన పిల్లవాడికి పూర్తి మార్కులు, కేవలం 'ఇది మోసం' అని రాసినవాడికి సగం కూడా వద్దు. కారణానికి మార్కు, తీర్పుకు కాదు అని సూచికలో ఒక్క వాక్యం రాస్తే స్పాట్‌లో గొడవ ఉండదు.

రెండో అభ్యంతరం సిలబస్ బరువు. కొత్త పాఠం అడగడం లేదు. ఉన్న అపరిచిత గద్యాల్లో ఒకదాన్ని మార్చమంటున్నాను. పరీక్షలో రాకపోతే మాత్రం ఇది నడవదు. వాచకంలో 'ఇవి చేయండి' కింద పెట్టేస్తే మా బడుల్లో ఏమవుతుందో మీకూ తెలుసు, మాకూ తెలుసు. మార్చి పరీక్షకు రానిదాన్ని జనవరి తర్వాత ఎవరూ ముట్టుకోరు. పరీక్షలో వచ్చిందంటే గైడ్ల వాళ్లు మరుసటి ఏడాదే 'ప్రకటనల విమర్శ: నమూనా జవాబులు' అని వేసేస్తారు, అదీ తెలుసు. ఏటా కాగితం మారుతుంటే ఆ బట్టీ ఎక్కువ దూరం పోదు.

మూడోది ఎవరూ పైకి అనరు. ఈ అలవాటు పడిన పిల్లలు రేపు వాచకాన్నే ప్రశ్నిస్తారు, సర్కారు ప్రకటనల్ని కూడా ఇలాగే చదువుతారు. చదువుతారు. పథకాల ప్రకటనలో లబ్ధిదారులు ఇంతమంది అని చూసి, అర్హులు మొత్తం ఎంతమంది అని అడుగుతారు. దానికి సిద్ధపడే ఈ పని చేయాలి.

మొదలుపెట్టడానికి కొత్త పుస్తకం అచ్చయ్యేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే టీచర్ల శిక్షణ తరగతుల్లో తెలుగువాళ్లకు ఒక పూట దీనికి ఇవ్వండి, వచ్చినవాళ్లందరినీ ఇంట్లోంచి తలా ఒక కాగితం తెచ్చుకోమనండి. బడిలోనే జరిగే ఫార్మేటివ్ మూల్యాంకనంలో ప్రాజెక్టు పని కింద ఈ ఏడాదే చేయించుకునే వీలు మాకు ఇస్తూ ఒక సర్క్యులర్ పంపండి. పదో తరగతి మోడల్ పేపర్లలో ఒక ప్రశ్న మార్చండి. నేను పిల్లలతో చేయించిన ప్రశ్నలు కొన్ని సూచికలతో సహా రాసిపెట్టి ఉన్నాయి, స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో తోటి టీచర్లు చూసి దిద్దారు కూడా. మీరు అడిగితే పంపుతాను.

ఇట్లు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్న ఒక తెలుగు టీచరు